అంతరిక్ష సైనిక ప్రణాళికా పత్రములు – సంగ్రహణము, పరిశీలనము

చరిత్రకారునకు ఆధారమగు లిఖిత సామగ్రి స్థూలముగ రెండు విధములు. జరిగినదానిని చెప్పు పత్రములు ఒక తెగ. జరుగవలెనని తలచినదానిని చెప్పు పత్రములు మరియొక తెగ. శాసనము, దానపత్రము, లెక్కల చిట్టా మొదటి తెగకు చెందినవి. రెండవ తెగకు మన ప్రాచీన లిఖిత సంపదలో ఉదాహరణములు స్వల్పము. ఆధునిక రాజ్యములలోనన్ననో ఇట్టి పత్రములు కుప్పలు తెప్పలుగ పుట్టినవి. వానిలో మిక్కిలి విచిత్రమైనవి, రెండవ ప్రపంచ యుద్ధానంతరము పాతికేండ్ల కాలమున అమెరికా సంయుక్త రాష్ట్రముల సైనిక శాఖలు అంతరిక్షమును గూర్చి వ్రాయించుకొన్న ప్రణాళికలు. చంద్రునిపై కోట, భూమిచుట్టు తిరుగు వేగులవారి గది, చంద్రమండలమున అణుబాంబు ప్రేలుడు – ఇవన్నియు టైపు యంత్రముపై అచ్చొత్తి, అట్టలు కట్టి, ముద్రలు వేసి, సంఖ్య లిచ్చి భద్రపరచినవే.

ఈ పత్రములను పోగుచేయుట నేడొక విద్యగా పరిణమించినది. గ్రంథాలయములును, విశ్వవిద్యాలయ సంస్థలును, ఉత్సాహవంతులైన వ్యక్తులును ఇందు కృషి చేయుచున్నారు. వారి కృషి శ్లాఘనీయమే. అయినను ఇందొక చిక్కు కలదు. ఈ రంగమున విడిచిపెట్టబడిన ఆలోచనలు చాలవరకు ముందుగ వెలుగు చూచినవి. అమలు జరిగిన పనులు చిరకాలము చీకటిలో నుండినవి. కనుక చేతికందిన పత్రములను మాత్రమే నమ్మి చరిత్ర కట్టినచో, కానిదానిని అయినట్లును, అయినదానిని కానట్లును వ్రాయు ప్రమాదమున్నది. ఈ విషయమును కొన్ని ముఖ్య పత్రముల మూలమున పరిశీలించుట మా ఉద్దేశము. తాళపత్ర గ్రంథముల పరిష్కరణమున పరిచయము గల మన పరిశోధక విద్యార్థులకు ఈ సామగ్రి క్రొత్తదైనను, దాని చిక్కులు కొన్ని పాతవిగానే తోచగలవు.

ఈ శాఖకు ఆదిగ్రంథమనదగినది 1946 మే 2వ తేదీ నాటి నివేదిక. కాలిఫోర్నియాలోని సాంటా మోనికాయందు డగ్లస్ విమాన నిర్మాణ సంస్థలో రాండ్ అను పేర నొక పరిశోధక బృందము అమెరికా వైమానిక దళము కొరకు పనిచేయుచుండెను. భూమిని చుట్టివచ్చు ప్రయోగాత్మక నౌకకు ప్రాథమిక రూపకల్పన యనునది ఆ బృందము వ్రాసిన నివేదిక పేరు. 500 పౌనుల బరువుగల ఉపగ్రహమును 300 మైళ్ళ ఎత్తున తిరుగునట్లు చేయవచ్చుననియు, అందుకు సుమారు ఐదేండ్లును, 15 కోట్ల డాలర్లును కావలసియుండుననియు అందు లెక్కకట్టిరి. లూయీ రైడనౌర్ వ్రాసిన ప్రకరణము ఇందు ప్రత్యేకముగ చదువదగినది. పరిశీలనమునకు, వాతావరణ జ్ఞానమునకు, సమాచార ప్రసారమునకు ఉపగ్రహ మెట్లుపయోగపడునో, ఒక్క ఉపగ్రహమైనను పుట్టని కాలమున ఆయన వివరించెను. పదునొకండేండ్ల తరువాత, 1957 అక్టోబరు 4న, సోవియట్ రష్యా మొదటి ఉపగ్రహమును ఎగురవేసినప్పుడు ఈ నివేదిక జోస్యము వలె కన్పట్టినదనుటలో వింత లేదు.

కాని అది జోస్యము కాదు, వ్యాజ్యము. ఆ దినములలో నౌకాసైన్యము ఉపగ్రహ విషయమున తానే ముందడుగు వేయుచుండెను. ఆకాశము తమ యధికారములోనిదని భావించు వైమానిక దళమువారికి, ముఖ్యముగ కర్టిస్ లీమే సేనానికి, ఇది సహింపరాని సంగతి. కావున రాండ్ బృందముచేత సుమారు మూడు వారములలో ఆ నివేదికను తయారు చేయించిరి. పోటీదారునకు సమాధానముగ పుట్టిన గ్రంథమిది. ఈ సందర్భమును విస్మరించి పత్రము నొక్కదానినే చదువువాడు, 1946లోనే అమెరికా ఉపగ్రహమును నిర్మింప సంకల్పించినదని వ్రాయును. సంకల్పించినది అమెరికా కాదు. కొందరు ఇంజనీర్లు అది సాధ్యమని చెప్పిరి, అంతియే. దానికి ద్రవ్యమిచ్చినవారు లేరు.

ఇట్టి పత్రములలో నేడు మిక్కిలి ప్రసిద్ధి కెక్కినది హొరైజన్ ప్రాజెక్టు నివేదిక. భూసైన్య పరిశోధనాభివృద్ధి శాఖాధిపతియగు ఆర్థర్ ట్రూడో సేనాని 1959 మార్చి 20న దీనికి ఆజ్ఞ యిచ్చెను. అలబామా రాష్ట్రమునందలి హంట్స్‌విల్‌లో, రెడ్‌స్టోన్ ఆయుధశాలలో, వెర్నర్ ఫాన్ బ్రౌన్ ఆధ్వర్యమున పనిచేయుచున్న రాకెట్టు నిపుణులు దీనిని వ్రాసిరి. హైన్జ్ హెర్మన్ కోల్ వారిలో ప్రధానుడు. జూన్ 9వ తేదీకి, అనగా మూడు నెలలు నిండకుండగనే, నివేదిక సిద్ధమైనది. రెండు సంపుటములు: మొదటిది సంగ్రహము, వాదములు, రెండవది సాంకేతిక వివరములు.

అందలి లెక్కలు చదువరిని ఆశ్చర్యచకితుని చేయును. 1965 ఏప్రిలు నాటికి ఇద్దరు సైనికులు చంద్రునిపై దిగవలెను. 1966 నవంబరు నాటికి పండ్రెండుగురు నివసించు స్థావర మచట వెలయవలెను. అంతలోపల రెండు తరగతుల సాటర్న్ రాకెట్లలో 61 ఒక తరగతివి, 88 మరియొక తరగతివి, మొత్తము 149 ప్రయోగములు జరుగవలెను. చంద్రునిపైకి చేర్చవలసిన సామగ్రి 4,90,000 పౌనులు. మొత్తము వ్యయము సుమారు 600 కోట్ల డాలర్లు. నివాసములు స్తూపాకారపు లోహపు తొట్లు. వానిని చంద్రుని మట్టిలో పూడ్చవలెను. అంకెల యందలి ఈ నిర్భయత్వమే నేటి సంగ్రాహకులను ఆకర్షించుచున్నది. అందలి చిత్రములు గోడలకు వ్రేలాడదీయుట కనువైనవి. అందుచేతనే కాబోలు, అమెరికా భూసైన్యము చంద్రునిపై కోట కట్టబోయినదను వాక్యము నేడు పెక్కు గ్రంథములలో నిస్సంశయముగ వ్రాయబడుచున్నది.

ఈ వాక్యము సత్యము కాదని మా యభిప్రాయము. అందుకు సాక్ష్యము నివేదికకు వెలుపల నున్నది, తేదీలలో నున్నది. పౌర అంతరిక్ష సంస్థయగు నాసాను స్థాపించు చట్టముపై 1958 జూలై 29న ఐసెన్‌హోవర్ సంతకము చేసెను. ఆ అక్టోబరు 1వ తేదీన సంస్థ పని నారంభించెను. భూసైన్యమునకు అంతరిక్షమున మిగిలిన బలమంతయు ఫాన్ బ్రౌన్ బృందమొక్కటే. దానిని గూడ నాసా తన కిమ్మని కోరుచుండెను. ట్రూడో ఆజ్ఞ యిచ్చిన దినము ఈ వివాదము మధ్యలో పడుచున్నది. 1959 అక్టోబరులో ఆ బృందమును నాసాకు అప్పగింప నిర్ణయము జరిగెను. 1960 జూలై 1న అది మార్షల్ అంతరిక్ష యాన కేంద్రముగ రూపొందెను. ఈ వరుసను గమనించిన పిమ్మట హొరైజన్ నివేదికను చదివినచో దాని స్వరము వేరుగ వినిపించును. కోట కట్టబోవు సైన్యము మాటగా గాక, ఇల్లు చేజారుచున్న గృహస్థుడు తన హక్కును నిరూపించుకొనుటకు సమర్పించిన విజ్ఞప్తిగా అది తోచును. పండ్రెండుగురి నివాసమును, 149 ప్రయోగములను అంత నిష్కర్షగ లెక్కించుటకు కారణము, ఈ పని మాకు తప్ప మరెవ్వరికిని చేతకాదని చెప్పుటయే. నివేదిక నిరర్థకమని మేము చెప్పబోము. అందలి సాంకేతిక జ్ఞానము ఆ మనుష్యులతోపాటే నాసాకు పోయినది. సాటర్న్ రాకెట్టు చంద్రుని చేరినది కూడ. చేరినది సైన్యము పేర కాదు.

ఇచట మన కైఫీయతులు జ్ఞప్తికి వచ్చుట సహజము. కర్నల్ మెకంజీ కొరకు కావలి సోదరులు మొదలగువారు గ్రామ గ్రామమున సేకరించిన ఆ వృత్తాంతములను చరిత్ర యని కొందరు, కట్టుకథ లని కొందరు వాదించిరి. అడిగినవా డెవడు, చెప్పినవా డెవడు, చెప్పుటవలన వానికి నిలిచెడి మాన్యమేమి, మర్యాద యేమి అని విచారించువానికి అవి రెండును గాక మూడవ విధమైన సాక్ష్యముగ పనికివచ్చును. ప్రణాళికా పత్రముల విషయమున కూడ ఇదియే మార్గము. ఇందు సారూప్యమును మరి దూరము లాగరాదు. కరణమునకు తన గ్రామము కండ్లయెదుట నుండెను, ఇంజనీరునకు చంద్రుడట్లు లేడు.

విడిచిన ఆలోచనలన్నియు సులభముగ బయటపడినవని కూడ అనుకొనరాదు. ఏ 119 అను సంకేతము గల ప్రాజెక్టు ఇందు కపవాదము. చికాగోలోని ఆర్మర్ పరిశోధన సంస్థలో 1958లో లెనార్డ్ రైఫెల్ అను భౌతికశాస్త్రజ్ఞుని నాయకత్వమున, చంద్రునిపై అణ్వాయుధమును ప్రేల్చినచో నేమగునో వాయుసైన్యము కొరకు పరిశీలించిరి. దాని నివేదికకు పెట్టిన పేరు మిక్కిలి సాధువైనది: చాంద్ర పరిశోధన యానముల అధ్యయనము. 1959 జూన్ నాటి ఆ శీర్షిక నొక్కదానిని గ్రంథసూచిలో చూచినవాడు దానిని ప్రక్కకు నెట్టివేయును. విషయము బయటపడినది పత్రాగారమునుండి కాదు. అప్పటికి యువకుడైన కార్ల్ సేగన్ ఆ బృందమున పనిచేసెను. 1959లో బర్క్‌లీలోని మిల్లర్ సంస్థ వేతనమునకు దరఖాస్తు పెట్టుకొనుచు, తాను వ్రాసిన పత్రములలో ఈ విషయమునకు సంబంధించిన వానిని గూడ పేర్కొనెను. నలువదేండ్ల పిమ్మట ఆయన జీవితచరిత్రకారుడు కీ డేవిడ్‌సన్ దానిని కనుగొనెను. 2000 సంవత్సరమున రైఫెల్ స్వయముగ ధ్రువపరచెను. ఒక రాజ్యరహస్యము ఉద్యోగార్థి దరఖాస్తులో నిలిచియుండుట సంగ్రాహకులు మరువరాని సంగతి. ప్రధాన పత్రము దొరకనిచోట పొరుగు కాగితములను వెదకవలెను.

ఇక అమలు జరిగిన వానిని గూర్చి. 1959 మొదలు డిస్కవరర్ అను పేర వరుసగ ఉపగ్రహములు ఎగురవేయబడినవి. సాంకేతిక పరీక్షలకును, జీవశాస్త్ర ప్రయోగములకును ఇవి యుద్దేశింపబడినవని ప్రకటించిరి. ఒకదానిలో నల్లని చుంచెలుకలను గూడ పంపిరి. అనేక వైఫల్యముల పిమ్మట 1960 ఆగస్టులో 13వ డిస్కవరర్ గుళిక సముద్రమునుండి వెలికి తీయబడినది. అందలి అమెరికా పతాకమును ఐసెన్‌హోవర్‌కు సమర్పించిన ఛాయాచిత్రము ఆనాటి పత్రికలలో నున్నది. వారము గడచిన తరువాత 14వ గుళిక వచ్చెను. దానిని ఆకాశముననే విమానము పట్టుకొనెను. అందున్నది పతాకము కాదు, ఫిల్ము చుట్ట. అంతకుముందు యూ-2 విమానయాత్రలన్నిటిలో తీసిన దానికంటె హెచ్చు సోవియట్ భూభాగము ఆ యొక్క చుట్టలో చిక్కినది. ఇది కరోనా అను గూఢచార కార్యక్రమము. 1972 వరకు నడచినది. దీనిని నడిపిన జాతీయ గూఢపరిశీలన కార్యాలయము 1961లో పుట్టినను, అట్టి కార్యాలయ మొకటి కలదని 1992 సెప్టెంబరు వరకు ప్రభుత్వ మొప్పుకొనలేదు. కరోనా చిత్రములు, సంఖ్యలో 8,60,000కు మించినవి, 1995 ఫిబ్రవరి 22న క్లింటన్ ఉత్తరువుతో విడుదలయైనవి. నేడు వానిని పశ్చిమాసియాలో పూడిపోయిన బాటలను, దిబ్బలను గుర్తించుటకు పురాతత్త్వజ్ఞులు వాడుకొనుచున్నారు.

1960 నుండి 1995 వరకు గల ముప్పదియైదేండ్ల కాలమున అంతరిక్ష చరిత్ర వ్రాసినవారి స్థితిని తలచుకొనవలెను. వారి బల్లపై 13వ డిస్కవరర్ పతాకపు చిత్రమున్నది. 14వ దాని ఫిల్ము లేదు. పత్రికలు సంపాదించిరి, ప్రకటనలు కత్తిరించి యంటించిరి, ఒక్క అక్షరమును మార్చలేదు. అయినను వ్రాసినది తప్పైనది. పత్రము సాధువైనంతమాత్రమున చరిత్ర సాధువు కాదనుటకు ఇంతకంటె స్పష్టమగు నిదర్శనము మాకు తెలియదు.

మానవ కక్ష్యా ప్రయోగశాల విషయము ఇంకను జటిలము. ఏలయన అది దాపబడినది కాదు, సగము చూపబడినది. 1963 డిసెంబరు 10న రక్షణ మంత్రి మెక్‌నమారా డైనసోర్ అను రెక్కల నౌకను రద్దుచేయుచు ఈ ప్రయోగశాలను ప్రకటించెను. 1965 ఆగస్టు 25న అధ్యక్షుడు జాన్సన్ 150 కోట్ల డాలర్ల అంచనాతో దాని నిర్మాణమునకు అనుమతించినట్లు తెల్పెను. ఇద్దరు వాయుసైనికులు ముప్పది దినములు భూమిచుట్టు తిరుగుచు, అంతరిక్షమున సైనికుడేమి చేయగలడో ప్రయోగములు చేయుదురట. ఆనాటి కరపత్రములు, బొమ్మలు, నమూనాలు సంగ్రాహకులకు నేటికిని దొరకుచున్నవి. ఆ ప్రయోగశాల నిజమునకు డోరియన్ అను పేరుగల మహత్తరమైన కెమెరాకు తొడుగు. 72 అంగుళముల దర్పణము గల ఆ కెమెరా ప్రసక్తి బహిరంగ పత్రములలో నెచ్చటను లేదు. మనుష్యుడు లేని ఉపగ్రహములే ఆ పనిని చౌకగ చేయుచుండుటచేత 1969 జూన్ 10న దానిని రద్దుచేసిరి. 2015 అక్టోబరులో 20,000 పుటలకు మించిన పత్రములు విడుదలైన తరువాతనే దాని చరిత్ర పూర్తిగ తెలిసినది. అంతకు పదేండ్లు ముందుగ, 2005లో, ఫ్లోరిడాలోని కేప్ కెనావరల్‌యందు చిరకాలము తాళము వేసియున్న ఒక గదిని తెరచినప్పుడు ఈ ప్రయోగశాల కొరకు కుట్టిన రెండు అంతరిక్ష దుస్తులు దొరకినవి. దుస్తులు ముందుగను, పత్రములు పిమ్మటను రావడము ఈ రంగమున అరుదు.

విడుదలయైన పత్రమైనను చేతికి సంపూర్ణముగ వచ్చునని తలపరాదు. 1966లో చేయబడిన సమాచార స్వాతంత్ర్య చట్టమును బట్టి అర్జీ పెట్టుకొన్నవారికి పత్రమిచ్చుటకు ముందు ఒక అధికారి దానిని చదివి, చూపరాని వాక్యములపై మసి పూయును. ఏ నిబంధన ననుసరించి పూసెనో ప్రక్కన సంకేత మొకటి వ్రాయును. పుటలో నల్లని గడులు మిగులును. ఇవి మన తాళపత్రములలోని గ్రంథపాతముల వంటివి. చెదపురుగునకు ఉద్దేశము లేదు; ఇచట ఉద్దేశము గల చేయి కలదు. అదియే సంగ్రాహకునకు సహాయము చేయుచున్నది. ఏలయన చేతులు మారుచుండును. ఒకే పత్రము వేర్వేరు సంవత్సరములలో, వేర్వేరు కార్యాలయములనుండి విడుదలయైనప్పుడు, ఒక అధికారి కప్పిన వాక్యమును మరియొకడు విడిచియుండుటయు, మొదటివాడు విడిచినదానిని రెండవవాడు కప్పుటయు అనేక పర్యాయములు జరిగినది. 1985లో నెలకొల్పబడి, వాషింగ్టన్‌లోని జార్జి వాషింగ్టన్ విశ్వవిద్యాలయమున నున్న నేషనల్ సెక్యూరిటీ ఆర్కైవు సంస్థవారు ఇట్టి ప్రతులను ప్రక్కప్రక్కన నుంచి ప్రకటించియున్నారు. ప్రత్యంతరములను సరిచూచి లుప్తభాగమును పూరించుట మనకు క్రొత్త విద్య కాదు. సి. పి. బ్రౌన్ పండితులకు జీతములిచ్చి ప్రతులు పోగుచేయించినది ఇందుకే.

మరియొక పోలిక గూడ కలదు. పద్యమున అక్షరములు లోపించినప్పుడు గణములు, యతిప్రాసలు లుప్తభాగమునకు హద్దులు నిర్ణయించును. టైపు యంత్రమున అక్షరములన్నియు సమానమైన వెడల్పు గలవి. కావున నల్లని గడి పొడవును కొలిచి అందెన్ని అక్షరములున్నవో లెక్కింపవచ్చును. ఒక రాకెట్టు పేరో, ఒక దేశము పేరో అందులో నిముడునా యని పరీక్షింపవచ్చును. అట్లూహించిన పాఠమును ఊహాపాఠముగనే చూపుట పరిష్కర్త ధర్మము. కొందరు ఉత్సాహవంతులు దానిని మూలముతో కలిపి అచ్చువేయుచున్నారు. ఇది క్షమింపరానిది.

పోగుచేయువారు సామాన్యముగ పారవేయు భాగమొకటి కలదు. ఇట్టి నివేదికలలో తుదనో మొదటనో పంపిణీ పట్టిక యుండును: ఏ కార్యాలయమునకు ఎన్ని ప్రతులు, ఏ సంఖ్యగల ప్రతి ఎవరికి అని. రాకెట్టు బొమ్మలున్న పుటలను మాత్రము ఛాయాప్రతి తీసికొని ఈ పట్టికను విడిచిపెట్టుట వాడుక. మా దృష్టిలో బొమ్మలన్నిటికంటె ఆ పట్టికయే విలువైనది. ప్రణాళిక ఎవరి బల్లవరకు పోయినదో అదియే చెప్పును. తయారుచేసినవారి శాఖ దాటని పత్రమునకును, అధ్యక్షుని సలహామండలి చదివి తీర్మానించిన పత్రమునకును గల భేదము కాగితపు రంగులో కనబడదు. జాతీయ భద్రతా మండలివారి 5520వ సంఖ్యగల పత్రము, 1955 మే 20వ తేదీది, బొమ్మలు లేని కొలది పుటల వ్రాత. శాస్త్రీయోపగ్రహము నొకదానిని ఎగురవేయవలెననియు, దానివలన అన్యదేశములపై అంతరిక్షమున పోవు స్వేచ్ఛ స్థిరపడుననియు అందలి భావము. హొరైజన్ రెండు సంపుటములకంటె ఆ కొలది పుటలు లోకమును మార్చినవి. దానిని కోరి పోగుచేయువారు బహు స్వల్పము.

సోవియట్ పక్షమున పరిస్థితి వేరు. చెలొమేయ్ సంస్థ నిర్మించిన అల్మాజ్ అను సైనిక కక్ష్యా కేంద్రములు 1973 మొదలు 1977 వరకు సల్యూత్ 2, 3, 5 అను సాధువైన పేర్లతో ఎగిరినవి. వానిలో మూడవ సల్యూత్‌పై నొక ఫిరంగి అమర్చిరనియు, మనుష్యులు దిగివచ్చిన తరువాత 1975 జనవరిలో దానిని పేల్చి చూచిరనియు నేడు తెలిసిన విషయము. ఇది తెలిసినది ముఖ్యముగ పత్రములవలన కాదు, ఆ పనిలో నుండినవారి మాటలవలనను, స్మృతులవలనను. మరియొక రూపకల్పన శాలలో రాకెట్టు నిర్మాతగ ప్రసిద్ధుడైన చెర్తోక్ 1990ల నాటి తన విస్తారమైన స్మృతిగ్రంథములో ఆనాటి శాలల మధ్య కలహములను వర్ణించెను. రెండు దేశములయందును సైనిక శాఖల మత్సరమే ఈ ప్రణాళికలకు తల్లి యని అందువలన కొంత ఊహింపవచ్చును. కాని ఒక వైపు స్మృతి, ఒక వైపు టైపు ప్రతి యుండగా, రెంటిని ఒక్క త్రాసులో తూచరాదు. స్మృతి వ్రాసినవానికి ఫలితము తెలియును; 1959లో హంట్స్‌విల్‌యందు లెక్కలు కట్టినవానికి తెలియదు.